బుగ్గన పెట్టే మందును నమిలి మింగినోడి ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దమనిషి, బీడీ సిగరెట్లు మాన్పించే గమ్ములు, గోలీలు అన్నీ కంపెనీల దందా, మనసు గట్టిగుంటే చాలు అని రాసిండ్రు. నాకు ఆయన మీద కోపం లేదు. ఐదేండ్లు యార్డంతా నేను చెప్పుకుంట తిరిగిన మాట కూడా అదే. అది తప్పని తెలిసినంక ఊకుంటే బాగుండదని రాస్తున్న.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో దడువాయిని. కాంటా మీద మిర్చి బస్తాలు తూసుడు నా పని. పదిహేడో ఏట బీడీ మొదలుపెట్టిన. రోజుకు రెండు కట్టలు. పొద్దున మంచం దిగకముందే అగ్గిపుల్ల గీసేటోణ్ణి. మానాలని మూడుసార్లు చూసిన, మూడోసారి నిలబడ్డ. ఇయ్యాల్టికి పద్నాలుగు నెలలు.

మొదటిసారి మనసు బలంతోనే. అయ్యప్ప మాల వేసుకున్న. నలభై ఒక్క రోజు ఒక్క బీడీ ముట్టలే. మొదటి వారం నరకం. చేతులు వణుకుడు, నిద్ర లేదు, ఎదుటోణ్ణి స్వామీ అని పిలుసుకుంటనే కసురుడు. మూడో వారానికి ఒళ్లు సల్లబడ్డది. ఇగ అయిపోయింది, గెలిచిన అనుకున్న. శబరిమల పోయొచ్చి కాజీపేటలో రైలు దిగిన, మాల తీసిన. రెండోనాడు యార్డులో చాయ్ బండి కాడ నిలబడ్డ. చాయ్ గ్లాసు ఎడమ చేతిలోకి రాంగనే కుడి చెయ్యి తనంతట తానే అంగీ జేబులోకి పోయింది. జేబులో ఏం లేదు. పక్కనున్న హమాలీ ఒకటి ఇచ్చిండు. ఆ పెద్దమనిషి లెక్కన నాకు మనసు బలం లేదు. మరి నలభై ఒక్క రోజు ఎట్లా ఉన్నట్టు?

రెండోసారి గమ్ము. బీడీకి అలవాటు పడేసే నికోటిన్‌నే పొగ లేకుండ కొంచెం కొంచెం ఇచ్చే గమ్ము అది. మెడికల్ షాపులో అడిగితే పిల్లగాడు 2 మిల్లీగ్రాముల గమ్ముల షీటు నుంచి కొన్ని కత్తిరించి ఇచ్చి పైసలు తీసుకున్నడు. ఎట్లా వాడాలో ఆయన చెప్పలే, నేనూ అడగలే. చిన్నపిల్లలు బబుల్ గమ్ నమిలినట్టు నమిలిన, చాయ్ తాగుకుంట నమిలిన. ఎక్కిళ్లు, గొంతులో మంట, కడుపులో తిప్పుడు. రోజుకు మూడో నాలుగో వాడుడు, మధ్యలో దొంగతనంగా ఒక బీడీ. పది రోజులకు యాష్టకొచ్చి మిగిలినయి మోరీలో పారేసిన. దొంగ మందు అని అప్పుడే పేరు పెట్టిన.

మా చిన్నబిడ్డ కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ చదువుతున్నది. ఒకనాడు ఈ ముచ్చట వస్తే నెత్తి కొట్టుకున్నది. "బాపూ, అది నమిలి మింగేది కాదే, బుగ్గన పెట్టేది!" అన్నది. అందులోని నికోటిన్ నోటి లోపలి పొరలోంచే రక్తంలోకి పోవాలట. ఉమ్మితో మింగితే కడుపులో పడి వికారం తెస్తది తప్ప ఫాయిదా లేదు. నోట్లో వేసుకొని మెల్లగా కొన్నిసార్లు కొరకాలె. నాలుకకు మిరియం తగిలినట్టు సుర్రుమంటది (మిర్చి యార్డోనికి ఘాటు గురించి ఇంకొకలు చెప్పాల్నా!). ఆ సురుకు రాంగనే నమలుడు ఆపి, తంబాకు పెట్టుకున్నట్టు బుగ్గకూ చిగురుకూ నడుమ పెట్టాలె. సురుకు తగ్గితే మళ్లీ రెండు కొరుకులు, ఇంకో బుగ్గ. ఒక్క గమ్ముకు అర్ధగంట. వేసుకునే పావుగంట ముందు నుంచి చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ బంద్. అవి తాగితే నోట్లో పులుపు (ఆమ్లం) చేరుతది, అది ఉంటే నికోటిన్ ఎక్కదు. గంటకోసారి చాయ్ తాగే యార్డులో ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది గమ్ములు ఉత్తగ పోయినయో.

ఇంకో సంగతి. లేచిన అర్ధగంట లోపల మొదటి బీడీ ముట్టించేటోనికి 4 మిల్లీగ్రాములది కావాలె. దానికి డాక్టర్ చీటీ ఉండాలె. చీటీ లేకుండ దొరికేది 2 మిల్లీగ్రాములది. అంటే గోనె సంచి మూతి కుట్టుమని నా చేతికి బట్టలు కుట్టే సూది ఇచ్చిండ్రన్నట్టు. వాడే తీరు రాసిన కాగితం డబ్బాలో ఉంటదట. మావోళ్లకు కత్తిరించి ఇస్తరు గదా, ఆ కాగితం దుకాణంలోనే ఉండిపోతది.

మూడోసారి దగ్గు పట్టి ఛాతీ డాక్టరమ్మ కాడికి పోతే వారెనిక్లిన్ గోలీ రాసింది. ఇది నికోటిన్ కాదు. మా బిడ్డ చెప్పిన తీరు యాదికుంటది: బస్సు కిటికీలోంచి సీట్లో తువ్వాల వేస్తం చూడు, అట్లా మెదడులో నికోటిన్ కూసునే సీట్లో ఈ గోలీ ముందే తువ్వాల వేస్తదట. మానే తారీఖుకు వారం ముందు నుంచే మొదలు. మొదటి మూడు రోజులు అర మిల్లీగ్రాము ఒక్కపూట, నాలుగు రోజులు రెండుపూటల, ఆ తర్వాత ఒక మిల్లీగ్రాము రెండుపూటల, మొత్తం పన్నెండు వారాలు. ఆ మొదటి వారం బీడీ తాగొచ్చు. తాగిన. ఆరోనాడు ముట్టించిన బీడీ కాలుతున్నది, పొగ వస్తున్నది, కానీ ఏమీ ఎక్కుత లేదు. ఎండుగడ్డి కాల్చినట్టు సప్పగా ఉన్నది. సగం బీడీ పారేసుడు ముప్పై ఆరేండ్లలో అదే మొదలు.

సుఖంగా అయిందని చెప్ప. పరిగడుపున వేసుకున్ననాడు వాంతికొచ్చింది. కడుపు నిండా తిని, గ్లాసు నిండా నీళ్లతో వేసుకుంటే ఆగింది. కలలు మాత్రం ఆగలే. కాంటా మీద ఎన్ని బస్తాలు పెట్టినా ముల్లు లేవని కల వారం రోజులు వచ్చింది.

ఈ గోలీతో పిచ్చి లేస్తదని ఒకాయన భయపెట్టిండు. అది ఉత్తగ పుట్టిన మాట కాదు. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దాని మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. తర్వాత 16 దేశాల్లో 8 వేల పైచిలుకు మంది మీద పరీక్ష చేసి, 2016లో అట్లాంటి బాధలు దీనితో ఎక్కువ కాలేదని ఫలితం వచ్చినంక, ఆ ఏడు డిసెంబరులో ఆ హెచ్చరిక తీసేసింది. అయినా మనసు జబ్బులు, మూత్రపిండాల బాధ ఉన్నోళ్లు డాక్టరుకు చెప్పే వాడాలె. బుప్రోపియాన్ అని ఇంకో గోలీ ఉన్నది, మూర్ఛలు వచ్చేటోళ్లకు అది కూడదు.

నా ఒక్కని ముచ్చటతో లెక్క తేలదు. ఒక్క బస్తా తూసి లాటంతా అంతే అని రాయం కదా. కాక్రేన్ అనే సంస్థ 2023లో ఎన్నో దేశాల పరీక్షలను కుప్పేసి లెక్క తీసిందట. మందు లేకుండ మానాలని చూసిన నూరు మందిలో, ఆరు నెలలు దాటినా ముట్టనోళ్లు 6 మంది. గమ్ము ఒక్కటో, ఒంటికి అంటించే నికోటిన్ పట్టీ ఒక్కటో వాడితే 8, 9. ఆ రెండూ కలిపి వాడితే 12. వారెనిక్లిన్‌తో 14.

ఇంతేనా అంటరు. నేనూ అదే అన్న. మందంటే జ్వరం గోలీ లెక్క వేసుకోంగనే తగ్గాలని మనకు అలవాటు. ఇక్కడ 86 మంది మళ్లీ బీడీ కాడికే పోతున్నరు. ఆ పెద్దమనిషి మాటలో అంత మటుకు నిజం ఉన్నది. కానీ 6కూ 14కూ తేడా చూడుండ్రి. వెయ్యి మంది హమాలీలు ఒకేసారి మానాలని కూసుంటే, గోలీతో ఎనభై మంది ఎక్కువ బయటపడతరు. కాంటా మీద ఇంత తేడా వస్తే రైతు నా గల్లా పట్టుకుంటడు.

ఇగ పైసల కాడికి వద్దాం. మానితే పైసలు మిగుల్తయని పోస్టర్ల మీద రాస్తరు. సిగరెట్టోళ్లకు మిగుల్తయేమో. నాకు రోజుకు పది గమ్ములు కొంటే రెండు బీడీ కట్టల కన్నా ఎక్కువే అయితది. 2016-17 కేంద్ర సర్వేలో సిగరెట్ తాగే పెద్దోళ్లు 4 శాతం, బీడీ తాగేటోళ్లు 7.7 శాతం. అంటే మందు ఎక్కువమందికి కావాల్సిన కాడనే అది బీడీ కన్నా పిరం. 2022లో కేంద్రం ఈ నికోటిన్ మందును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారెనిక్లిన్‌తో సహా ఈ మందులన్నీ వాడుమని చెప్పింది. నేను అడిగిన సర్కారు దవాఖానలో మాత్రం, "మానేయ్ పెద్దయ్యా, ఆరోగ్యానికి మంచిది" అన్న మాట ఒక్కటే ఉచితంగా దొరికింది.

మా అక్క మెట్‌పల్లిలో బీడీలు చుట్టీ చుట్టీ నడుము వంగిపోయింది. ఇప్పుడు 2,016 రూపాయల బీడీ పింఛను మీద బతుకుతున్నది. ఆ పింఛను మంచిదే, ఇంకా పెంచాలె. చుట్టినోళ్లను చూసుకునే సర్కారు, తాగి దగ్గేటోళ్లకు మూడు నెలల గోలీలు ఇస్తే తప్పా? బస్తీ దవాఖానలో మందు పెట్టుండ్రి, పెట్టినకాడ బుగ్గన ఎట్లా పెట్టుకోవాలో చూపించే మనిషిని కూడా పెట్టుండ్రి.

ఇప్పుడు మా యార్డులో ఒక హమాలీ తొమ్మిది రోజులుగా 21 మిల్లీగ్రాముల పట్టీ అంటించుకుంటున్నడు, మధ్యలో గమ్ము. బస్తాలు మోసే భుజానికి అంటిస్తే చెమటకు ఊడుతున్నదని, పొద్దున స్నానం చేసి ఆరినంక ఛాతీ పక్కకు, వెంట్రుకలు లేనికాడ అంటించుమన్న. ఫోన్లో మాట్లాడి ధైర్యం చెప్పే సర్కారు నంబరు 1800-11-2356 రాసిచ్చిన. తెలుగులో మాట్లాడుతరు, పైసలు పడవు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఎత్తుతరు, సోమవారం సెలవు. మాకు సోమవారమే బండ్లు ఎక్కువ దిగుతయి, ఆయనకు బీడీ కూడా ఆనాడే ఎక్కువ గుంజుతది. ఆ ఒక్కరోజు చాయ్ నా కాంటా కాడికే తెప్పిస్తున్న.

ఇట్లు,
ఒక దడువాయి,
ఎనుమాముల, వరంగల్