డిక్కీకి కర్ర ఆసరా వద్దు

హైదరాబాదు,
ఏప్రిల్ 14.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మ, పిల్లలు క్షేమంగా ఉన్నారని తెలిసి సంతోషించాను. మే నెలలో పిల్లల సెలవులకు మీ కుక్క టైగరును కూడా వెంటబెట్టుకొని విజయవాడ నుంచి కారులోనే వస్తామని రాశావు. ఆ మాట చదివి వినిపించగానే మా ఇంట్లో పండుగ వాతావరణం వచ్చింది. అయితే ఉత్తరం చివర, ఎర్టిగా డిక్కీ తలుపు పైన నిలవడం లేదనీ, కర్రముక్క ఆనించి నెట్టుకొస్తున్నాననీ ఒక్క వాక్యంలో తేల్చి వదిలేశావు చూడు, అది చదివాక ఆ పూట నా మనసు వేరే పని మీద నిలవలేదు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. తీరికగా చదువు, కానీ పని మాత్రం ఆలస్యం చేయకు.

మా పాత ఇన్నోవా డిక్కీ షాకర్లు, అంటే తలుపును పైకెత్తి నిలిపే గొట్టం, కడ్డీ జతలు, నాలుగు నెలల క్రితం మార్పించాను. మార్పించక ముందు ఏం జరిగిందో నీకు ఇదివరకు చెప్పలేదు. డిసెంబరులో ఊరికి బయలుదేరే రోజు, తెల్లవారుజామున అయిదు గంటలప్పుడు, డిక్కీ తెరిచాను. మా రెండు కుక్కల్లో గౌరి ఎప్పటిలాగే ఒక్క గంతులో లోపలికి దూకింది. భైరవకు పదకొండేళ్లు, 32 కిలోల లాబ్రడారు, వెనక కాళ్ల కీళ్లు పట్టేసి ఉన్నాయి. వాడు ముందు కాళ్లు అంచు మీద పెట్టి, నేను వెనక నుంచి ఎత్తుతానని ఎదురుచూస్తున్నాడు. నేను వంగి వాడి నడుము కింద చేతులు వేసిన క్షణంలోనే తలుపు చప్పుడు లేకుండా కిందికి జారింది. నా భుజం అడ్డం ఉంది కాబట్టి సరిపోయింది. భుజం లేకపోతే తలుపు అంచు నేరుగా వాడి వెన్ను మీద పడేది. భుజం వాపు పది రోజుల్లో తగ్గిపోయింది గానీ, ఆ ముసలి ప్రాణం ఆ తరువాత రెండు నెలలు డిక్కీ దగ్గరకు రావడానికే జంకింది. ఆ భయం నా వల్లనే వచ్చిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఎందుకంటే తలుపు ముందు నుంచే సూచనలు ఇస్తూ వచ్చింది. మధ్యాహ్నం తెరిస్తే నిలిచేది, చలి పూట తెరిస్తే నెమ్మదిగా దిగేది. మధ్యాహ్నం బాగానే ఉంది కదా అని నేను పట్టించుకోలేదు. దాని వెనకున్న సంగతి తెలుసుకున్నాక నిర్లక్ష్యం చేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. షాకరు గొట్టంలో స్ప్రింగు ఉండదు, బిగించి నింపిన నైట్రోజన్ వాయువు ఉంటుంది, దానితో పాటు కాస్త నూనె ఉంటుంది. 8 మిల్లీమీటర్ల మందమున్న కడ్డీ 500 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 50 కిలోల బరువును మోసేంత బలంతో బయటికి తోయాలంటే, లోపలి వాయువు ఒత్తిడి మనం టైరులో నింపించే గాలి ఒత్తిడికి 40 రెట్ల పైమాటే ఉండాలి. వాయువు చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. 40 డిగ్రీల ఎండలో ఉన్న బలంతో పోలిస్తే 13 డిగ్రీల చలిలో దాదాపు పదో వంతు తగ్గిపోతుంది. కొత్త షాకరుకు ఆ తగ్గుదల లెక్కలోనిది కాదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వాయువు కారిపోయి, తలుపు బరువుకు సరిగ్గా సరిపోయే బలమే మిగిలిన షాకరుకు మాత్రం ఆ పదో వంతే నిలబడడానికీ పడిపోవడానికీ మధ్య తేడా అవుతుంది. నీకు ఇప్పుడు ఏప్రిల్ ఎండలో కూడా నిలవడం లేదంటే, మీ షాకర్లలో ఇక ఏమీ మిగల్లేదని అర్థం. తెరిచి కడ్డీని ఒకసారి చూడు. గొట్టంలోకి దూరే చోట నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకొని నల్లగా కనిపిస్తే, లోపలి సీలు పోయినట్టే.

మా షాకర్లలో ఎడమది ముందు పోయింది. దానికి కారణం కూడా నేనేనని మెకానిక్కు కడ్డీ మీద వేలు పెట్టి చూపించాడు. దారిలో ఆగినప్పుడల్లా గౌరి గొలుసును ఆ కడ్డీకే చుట్టి నీళ్లు పెట్టేవాడిని. ఆ గొలుసు రాపిడికి అద్దంలా ఉండాల్సిన కడ్డీ మీద సన్నని గీతలు పడ్డాయి. గీతలు పడ్డ కడ్డీ లోపలికీ బయటికీ ఆడిన ప్రతిసారీ రబ్బరు సీలును కోస్తుంది. గొలుసుగానీ, తాడుగానీ, చివరికి తడి తువ్వాలుగానీ, షాకరుకు ఏదీ తగిలించకు. దాని మీద గ్రీజు కూడా రాయవద్దు, పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక మార్చే పని సంగతి. మీకు ఆటోనగరు పక్కనే ఉంది కాబట్టి వస్తువు కోసం వెతుక్కునే శ్రమ లేదు. నేను రాణిగంజులో మూడు దుకాణాలు తిరిగాను. ఎర్టిగావి ఇవ్వండి అని అడిగి తెచ్చుకోవడం సరిపోదు, బండి ఏ సంవత్సరం మోడలో చెప్పాలి, వీలైతే పాత షాకరు గొట్టం మీది అంకెలను ఫోటో తీసి చూపించాలి. ఆ అంకెల్లో న్యూటన్ల లెక్క ఉంటుంది. పూర్తిగా చాచినప్పటి పొడుగు, చివర్లు బండికి బిగిసే తీరు, ఈ రెండూ కూడా కలవాలి. ఇంకా బలమైనవి ఉన్నాయి, జన్మలో పోవు అని ఒక దుకాణదారు నాకు అంటగట్టబోయాడు. తలుపు బరువుకు మించిన బలమున్నవి వేస్తే మూయడానికి చెల్లెమ్మ వేలాడవలసి వస్తుంది, బందుల మీదా రేకు మీదా రోజూ అనవసరపు ఒత్తిడి పడుతుంది. అలాగే పోయినది ఒక్కటే అయినా రెండూ మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి నీరసించినది ఉంటే తలుపును ఒక పక్కే మోసి మెలితిప్పుతుంది. మా జతకు 2,600 రూపాయలు అయ్యాయి. బిగింపు పని అరగంట కూడా పట్టలేదు.

నువ్వే బిగించుకుంటానని మొండికేస్తావని నాకు తెలుసు. చేసుకో, కానీ ఒంటరిగా వద్దు. తలుపును పూర్తిగా పైకెత్తి, నీ కర్రముక్క కాకుండా గట్టి వాసాన్ని ఆనించి, దాని పక్కన ఒక మనిషి చేత కూడా పట్టించు. తలుపు పూర్తిగా తెరుచుకున్నప్పుడే కడ్డీ పూర్తిగా బయటికి చాచి ఉంటుంది కనుక, అప్పుడే ఊడదీయడం క్షేమం. సగం దించి ఊడదీస్తే ఆ బలమంతా ఒక్కసారి ముఖం మీదికి విడుదలవుతుంది. చివర గుండ్రని బంతి మీద కూర్చునే రకమైతే, దాని మీది సన్నని ఇనుప క్లిప్పును చిన్న స్క్రూడ్రైవరుతో కాస్త పైకి లేపితే చాలు, పూర్తిగా పీకనక్కర లేదు. బోల్టుల రకమైతే పానా కావాలి. ఒక పక్క పాతది తీసి కొత్తది బిగించాకే రెండో పక్కకు వెళ్లు. తలుపు మూసినప్పుడు సన్నని కడ్డీ కిందికి, లావు గొట్టం పైకి వచ్చేలా ఉండాలి. అప్పుడే లోపలి నూనె సీలు మీద నిలిచి దాన్ని ఎండిపోకుండా కాపాడుతుంది. తీసేసిన పాతవాటిని పిల్లల చేతికి ఇవ్వకు, కోయించకు, చెత్తతో పాటు మంటలో పడనీయకు. తలుపును మోయలేకపోయినా వాటిలో ఇంకా ప్రమాదకరమైన ఒత్తిడి మిగిలే ఉంటుంది.

తలుపు సంగతి తేలాక టైగరు సంగతి. నీ ఉత్తరంలో వాడిని వెనక సీటులో పిల్లల మధ్య కూర్చోబెడతానని రాశావు. వద్దు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి హఠాత్తుగా ఆగిందంటే, కట్టు లేకుండా కూర్చున్న కుక్క మూడంతస్తుల మేడ మీది నుంచి పడినంత వేగంతో ముందుకు విసిరివేయబడుతుంది. వాడి 20 కిలోల బరువు పిల్లల మీద పడితే ఏమవుతుందో ఊహించుకో. మూడో వరుస సీట్లు మడిచేసి, ఆ వెనక జాగా మొత్తం వాడికి ఇవ్వు. కింద జారని రబ్బరు చాప వెయ్యి, ఎందుకంటే నున్నటి నేల మీద ప్రతి మలుపులోనూ వాడు నిలదొక్కుకోవడానికి పడే పాటే సగం అలసట. ఛాతీకి తొడిగే పట్టీ కొని, దానికి పొట్టి బెల్టు వేసి, బండిలోని గట్టి కొక్కేనికి గానీ సీటు బెల్టు బకిలుకు గానీ తగిలించు. మెడ పట్టీకి మాత్రం కట్టకు. బ్రేకు పడితే ఆ జోరంతా మెడ మీదే పడుతుంది. గౌరి పట్టీకి అలవాటు పడడానికి వారం పట్టింది, రోజూ ఇంట్లోనే పది నిమిషాలు తొడిగి తిప్పేవాళ్లం. కనుక ఇప్పుడే మొదలుపెట్టు.

భైరవ కోసం ఆరడుగుల చెక్క బల్ల చేయించాను. మీద కొబ్బరి పీచు పట్టా మేకులతో కొట్టించాము. రెండడుగులకు పైగా ఎత్తున్న అంచుకు అది ఆనిస్తే వాడు తనంత తానే నడిచి ఎక్కుతాడు. మొదట రెండు రోజులు బల్లను నేల మీదే పరచి దాని మీద నడిపించాను, తరువాత ఒక మెట్టు ఎత్తున, ఆ తరువాతే బండికి. ఫిబ్రవరి చివర్లో వాడు మొదటిసారి జంకకుండా పైదాకా ఎక్కి, వెనక్కి తిరిగి నా వంక చూశాడు. అప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మే నెల ఎండ గురించి తప్పక చెప్పాలి. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా వగర్చే వేడిని వదులుకోవాలి. ఏసీ గాలి ముందువాళ్లకు చల్లగా తగిలినంత మాత్రాన వెనక నేల దాకా చేరుతుందని అనుకోకు. నేను ఒక చిన్న థర్మామీటరును వెనక చాప దగ్గర పెట్టి చూస్తే, ముందు 25 డిగ్రీలున్నప్పుడు అక్కడ 31 ఉంది. అప్పటి నుంచి వెనక అద్దానికి ఎండ తెర వేసి, పైకప్పు గాలిని వెనక్కి తిప్పుతున్నాము. గాలి ఆడుతుందని కొందరు డిక్కీ తలుపును కొంచెం తెరిచి తాడుతో కట్టి నడుపుతారు, నువ్వు మాత్రం ఎన్నడూ అలా చేయకు. నడిచే బండి వెనక ఒత్తిడి తగ్గి, సైలెన్సరు పొగ ఆ సందులోంచి లోపలికే లాగబడుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషం. కుక్కకే కాదు, పిల్లలకూ ప్రమాదమే. ఆపిన బండిలో టైగరును ఒంటరిగా వదిలి టిఫినుకు వెళ్లడం కూడా కూడదు. బయట 24 డిగ్రీలు ఉన్న రోజే మూసిన కారులో పది నిమిషాలకు 34, అరగంటకు 43 డిగ్రీలు అవుతుంది. మన మే నెలకు ఇక లెక్క కట్టనక్కర లేదు. ఒకరు తింటుంటే ఒకరు వాడి దగ్గర ఉండండి.

తెల్లవారుజామున నాలుగున్నరకల్లా బయలుదేరితే ఏడు గంటల ప్రాంతంలో సూర్యాపేట చేరుతారు, ఎండ ముదరక ముందే మా ఇంటికి వస్తారు. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటల పాటు వాడికి తిండి పెట్టకు, నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా పట్టు. ఆగిన చోట మొదట పక్క తలుపు లోంచి చేయి చాచి గొలుసు తగిలించి, చెల్లెమ్మ దాన్ని పట్టుకున్నాకే డిక్కీ తెరువు. జాతీయ రహదారి పక్కన తెరిచిన డిక్కీలోంచి దూకిన కుక్కను ఎవరూ పట్టుకోలేరు. డిక్కీ తెరుచుకున్నా "ఆగు" అంటే ఆగడం ఈ మూడు వారాల్లో నేర్పించు. గౌరికి బెల్లం ముక్కతో నేర్పాను, రోజుకు ఒక చిన్న ముక్క చాలు.

పాత షాకరు మీది అంకెలు, మీ బండి మోడలు సంవత్సరం వెంటనే రాసి పంపు. ఆటోనగరులో దొరకకపోతే ఇక్కడ రాణిగంజులో కొని బస్సు పార్సిలులో పంపిస్తాను. చెక్క బల్ల మా ఇంట్లో ఉంది గనుక టైగరు దిగేటప్పుడు దాన్నే వాడుదాం. కొత్త షాకర్లు వేయించాక, ఒక తెల్లవారుజామున డిక్కీ తెరిచి, అయిదు నిమిషాలు దూరంగా నిలబడి చూసి, తలుపు కదలకుండా నిలిచిందని నాకు ఫోను చెయ్యి. ఆ ఫోను కోసం ఎదురుచూస్తుంటాను.

నీ
ప్రాణ మిత్రుడు