ఆటో తమ్ముడికి, డాక్టరమ్మకి, మందుల షాపు అన్నయ్యకి

నాన్న ముప్పై ఏళ్లు ఆర్టీసీ కండక్టరు. రాజమండ్రి నుంచి కాకినాడ దాకా ఏ స్టేజీకి టికెట్ ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. అలాంటి మనిషి సంక్రాంతికి ముందు పాల ప్యాకెట్ కోసం వెళ్లి, మా వీధి మలుపులోనే ఎటు నడవాలో తెలియక నిలబడిపోయారు. ఒక ఆటో తమ్ముడు గమనించి, ఆయన జేబులోని మందుల చీటీ మీద నంబరు చూసి నాకు ఫోన్ చేశాడు. ఇంటికి దింపి, డబ్బులిస్తే "ఇటే వెళ్తున్నా కదండీ" అని తీసుకోలేదు.

అప్పటికి ఏడాదిగా గ్యాస్ కట్టేయడం మర్చిపోతున్నారు, అడిగిందే అడుగుతున్నారు. ఒకచోట చూపిస్తే "వయసు కదా" అన్నారు. మేమూ సరేనన్నాం. తప్పు మాదే.

ఈసారి చూసిన డాక్టరమ్మ మొదట షుగర్ సంగతే అడిగారు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 10.4 శాతం వచ్చింది, చాలా ఎక్కువ. మతిమరుపుకీ దీనికీ ఏమిటి సంబంధం అంటే, ఓపిగ్గా కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. మెదడు ఒంటి బరువులో 2 శాతమే, కానీ మనం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా నుంచి, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ మోతాదు మించి పుడతాయి. పొయ్యిలో కట్టెలు కుక్కేస్తే మంట కన్నా పొగ ఎక్కువ వచ్చినట్టు. ఆ పొగే ఆక్సిడేటివ్ స్ట్రెస్. సన్నని రక్తనాళాలూ, కొత్త సంగతులు గుర్తుంచుకునే హిప్పోకాంపస్ అనే భాగమూ దానికి త్వరగా దెబ్బతింటాయట. అయితే మొత్తం షుగర్ మీదే తోసెయ్యలేమని కూడా ఆవిడే అన్నారు. ఆ మాట వల్లే నాకు నమ్మకం కుదిరింది.

మందుల షాపు అన్నయ్య రుణం వేరు. "పద్నాలుగేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వేస్తున్నారు, దాంతో విటమిన్ బీ12 తగ్గొచ్చు, చూపించారా?" అని అడిగింది ఆయనే. చూపిస్తే బాగా తక్కువ. అది తగ్గినా మతిమరుపు వస్తుందట! మా బంధువు ఒకాయన అంటగట్టబోయిన మూడువేల రూపాయల యాంటీఆక్సిడెంట్ పొడి (ఆ ఫ్రీ రాడికల్స్‌ని అణుస్తుందని అమ్మేది) గురించి అడిగితే, "దాంతో జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని రుజువు లేదు, ఆ డబ్బుతో ఇంట్లో షుగర్ చూసుకునే స్ట్రిప్పులు కొనుక్కోండి" అన్నారు. సరుకు అమ్ముకునే మనిషి చెప్పే మాటేనా అది!

ఆ స్ట్రిప్పులే పనికొచ్చాయి. ఒక రాత్రి ఒళ్లంతా చెమట పట్టి తికమకగా మాట్లాడుతుంటే షుగర్ చూశాం, 58కి పడిపోయింది. చక్కెర నీళ్లు పట్టాం. పొద్దున్నే డాక్టరమ్మ రాత్రి వేసే షుగర్ మాత్ర తగ్గించారు. షుగర్ పడిపోయినా మెదడుకు దెబ్బేనని అప్పుడే తెలిసింది.

నాలుగు నెలలైంది. నిన్న టిఫిన్ దగ్గర స్టేజీలు చెప్పమన్నాను. కడియం, ద్వారపూడి, అనపర్తి... ఆగిపోయారు. బిక్కవోలు గుర్తొచ్చేసరికి నా ఇడ్లీ చల్లారిపోయింది. వచ్చింది మాత్రం.

తమ్ముడూ, ఆ కంగారులో నీ పేరు కూడా అడగలేదు. ఇది చూస్తే ఒకసారి ఇంటికి రా. నాన్న నిన్ను చూడాలంటున్నారు.