ఆగి ఉన్న లారీ ఎందుకు ఆగింది? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,
విశాఖపట్నం గాజువాక నుంచి నమస్కారాలు.

‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’. ఈ హెడ్డింగు మన పేపర్లలో ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో లెక్క లేదు. కింద వార్తలో కారు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది, అందులో ఎవరెవరున్నారు, డ్రైవర్‌కు కునుకు పట్టిందా, ఎంత స్పీడులో ఉన్నాడు, అన్నీ రాస్తారు. లారీ అక్కడ ఎందుకు ఆగింది, ఎంతసేపటి నుంచి ఉంది, అంతసేపట్లో దాని దగ్గరికి ఎవరైనా వచ్చారా అన్నది మాత్రం రాయరు. నేను లారీ మెకానిక్‌ని. ఆటోనగర్‌లో షెడ్డు. రోడ్డు మీద బండి ఆగిపోయిందని ఫోనొస్తే పానాల సంచి బైకు మీద పెట్టుకుని పోవడం నా పని. ఆ లారీలు ఎందుకు ఆగుతాయో రోజూ చూస్తున్నవాడిని కాబట్టి మీకు రాస్తున్నాను.

చెన్నై నుంచి కోల్‌కతా పోయే హైవే మన ఊరి నడిబొడ్డు నుంచే పోతుంది. అనకాపల్లి దగ్గర మొదలై సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు వరసల కొత్త రోడ్డు పడ్డాక, ఊళ్లో పని లేని లారీలు చాలావరకు అటు మళ్లాయి. కానీ పోర్టుకీ, స్టీల్ ప్లాంటుకీ, మల్కాపురం రిఫైనరీకీ, పరవాడ ఫార్మాసిటీకీ వచ్చేవి ఎటు మళ్లుతాయి? లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ... బొగ్గు లారీ పక్కనే స్కూలు ఆటో, కంటైనర్ పక్కనే స్కూటీ మీద ఉద్యోగానికి పోయే అమ్మాయి. ఇక్కడ ఒక్క బండి నడిరోడ్డు మీద ఆగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి ముందుగా అనే మాట: “ఏటయ్యా, పక్కకి తియ్యలేవా?” డ్రైవర్ ఏ బిహారు వాడో, ఒడిశా వాడో అయితే తెల్లమొహం వేస్తాడు. తెలుగువాడైనా ఏం చెప్పాలో తెలియదు. నిజం ఏమిటంటే చాలాసార్లు తియ్యలేడు. పెద్ద లారీల్లో వెనక చక్రాల బ్రేకులు గాలి ఉన్నంతసేపే వదులుగా ఉంటాయి. ఎయిర్ పైపు పగిలి గాలి పోయిందంటే, లోపలి స్ప్రింగు తనంతట తానే బ్రేకు బిగించేస్తుంది. బ్రేకుల్లేకుండా బండి దూసుకుపోకూడదని కంపెనీవాళ్లు కావాలనే అలా పెట్టారు, మంచిదే. కానీ ఆ క్షణంలో బండి ఏ వరసలో ఉంటే అక్కడే నిలబడిపోతుంది. పదిమంది కలిసి తోసినా అంగుళం కదలదు. చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టి, కిందికి దూరి, బ్రేకు ఛాంబర్ వెనకున్న బోల్టును పానాతో తిప్పుతూ ఆ స్ప్రింగును వెనక్కి లాగితే తప్ప చక్రం వదలదు. దిమ్మలు పెట్టకుండా తొందరపడి వదిలితే లోడుతో ఉన్న లారీ దానంతటదే దొర్లుతుంది, కింద ఉన్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. కానిస్టేబుల్ తిడుతుంటే, వెనక హారన్లు మోగుతుంటే, నా కాళ్లు రోడ్డు వైపు బయటికి పెట్టి చేసే పని ఇది.

యాక్సిల్ విరిగినా అంతే, బండి బరువు మోసే కమాన్ కట్టలు తెగినా అంతే. పొగ తగ్గించే బీఎస్-6 రూలు ప్రకారం చేసిన బండ్లు వచ్చాక ఇంకోటి తోడైంది. పొగలో విషం తగ్గించడానికి పొగ గొట్టంలోకి చిమ్మే డీఈఎఫ్ ద్రావకం అయిపోతే ఇంజను బలం తగ్గిపోతుంది, ఎక్కుడు రోడ్డు మీద బండి పాకుతూ పోతుంది. వెనకవాడికి అది నడుస్తోందో ఆగిందో దగ్గరికి వచ్చేదాకా తెలియదు.

ఇక చీకటి. బ్యాటరీయో వైరింగో పోయి ఆగిన బండికి నాలుగు ఇండికేటర్లు వెలగవు, వెనక ఎర్ర లైటూ వెలగదు. అప్పుడు ఆ బండిని చూపించేవి రెండే: వెనక అంటించిన మెరిసే టేపు, రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రిభుజం. పోర్టు నుంచి బొగ్గు తోలే లారీ వెనక్కి వెళ్లి ఒకసారి వేలితో టేపును తుడిచి చూడండి, కింద రంగు కనిపించడానికి రెండు మూడు సార్లు రుద్దాలి. త్రిభుజం సంగతి సరే సరి. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని చూసే ఫిట్‌నెస్ తనిఖీకి పోయే రోజున త్రిభుజం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండర్ ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మారుతుండటం మా దగ్గర అందరికీ తెలుసు. రోడ్డు మీద అవసరం పడినప్పుడు క్లీనర్ చేసేది రాళ్లు ఏరడం, పక్కనున్న తుమ్మ కొమ్మ విరిచి వెనక పడేయడం. రిపేరు అయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉండిపోతాయి. తర్వాత ఏ బైకువాడో వాటి మీద ఎక్కి పడితే, అది ‘బైకు అదుపుతప్పి’ అని ఇంకో వార్త.

కార్లవాళ్లు తక్కువేం కాదు. కొత్త కారుతో పాటు త్రిభుజం ఇస్తారు, అది డిక్కీలో కవరు కూడా విప్పకుండా స్టెప్నీ కింద పడి ఉంటుంది. తీసినవాళ్లు కూడా కారుకు పది అడుగుల వెనక పెడతారు. గంటకు 80 కిలోమీటర్ల స్పీడులో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవర్ చూసి, ఏమిటా అని అనుకుని, బ్రేకు మీద కాలు వేసేలోపే రెండు సెకన్లు, అంటే 44 మీటర్లు గడిచిపోతాయి. త్రిభుజం 50 మీటర్ల కంటే దగ్గర పెడితే పెట్టనట్టే. హైవే మీద 100 మీటర్లయితే మేలు. అది పెట్టడానికి పోయేవాడు కూడా వచ్చే బండ్లకు ఎదురుగా చూస్తూ, అంచు వెంట నడవాలి. మిగతావాళ్లు? సరిగ్గా కారు వెనక నిలబడి ఫోన్లు మాట్లాడుతుంటారు, పిల్లల్ని ఏసీలో కూర్చోబెడతారు. అందరూ ఎడమ తలుపు నుంచి దిగి, రెయిలింగ్ ఉంటే దానికి అవతల నిలబడాలి. ఇది చెప్తే నావైపు వింతగా చూస్తారు, “రెండు నిమిషాల పనే కదండీ” అంటారు.

2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్–బెంగళూరు ప్రైవేటు బస్సు కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు బస్సులోనే ప్రాణాలు వదిలారు. ఆ తర్వాత స్లీపర్ బస్సుల తలుపులు, అద్దాలు పగలగొట్టే సుత్తులు, పర్మిట్లు, లగేజీ, వీటి మీద చాలా మాట్లాడుకున్నాం, తనిఖీలు చేశారు. అవన్నీ కావాల్సినవే. కానీ దానికి ముందు ఏం జరిగింది? ఒక బైకు డివైడర్‌ను గుద్దుకుని రోడ్డు మీద పడి ఉంది. చీకటి, వాన. బస్సు ఆ బైకు మీదికెక్కి ఈడ్చుకుపోయింది, మంటలంటుకున్నాయి. మొదటి ప్రమాదానికీ రెండోదానికీ మధ్య ఆ బైకు దగ్గర ఒక లైటు గానీ, త్రిభుజం గానీ లేవు. నా గొడవంతా ఆ మధ్య సమయం గురించే.

ఎందుకంటే ఆ సమయానికి సొంతదారు లేడు. హైవే మీద ఆగితే 1033, అంబులెన్సుకు 108, పోలీసులకు 112. నంబర్లకు కొదవ లేదు. 1033కు చేస్తే జాతీయ రహదారి అయితే క్రేనూ, పెట్రోలింగ్ బండీ పంపే ఏర్పాటు ఉంది. అదే బండి పెందుర్తి బీఆర్టీఎస్ రోడ్డు మీదో, భీమిలి వైపో ఆగితే ఎవరు పంపాలి? ట్రాఫిక్ పోలీసులు తమ క్రేన్ రాంగ్ పార్కింగ్ కార్లకు సరిపోతుంది, లోడు లారీకి కాదంటారు. రోడ్డు ఒకరిది, లైట్లు ఇంకొకరివి, బండి ఫిట్‌నెస్ మీది. చివరికి డ్రైవర్ ప్రైవేటు క్రేనుకు ఫోన్ చేస్తాడు. వాళ్లు వచ్చి లారీ చుట్టూ ఒక రౌండు తిరిగి, రాత్రి అయితే ఒక రేటు, వాన అయితే ఒక రేటు, ఓనర్ వేరే రాష్ట్రం వాడైతే ఇంకో రేటు చెప్తారు. బేరం తెగేదాకా లారీ అక్కడే.

దీనికి చట్టం లేదని కాదు. రాకపోకలకు అడ్డంగా బండి ఉంచితే మోటారు వాహనాల చట్టం 201 సెక్షన్ కింద 500 రూపాయల దాకా జరిమానా ఉంది. బ్రేకులు బిగుసుకుపోయిన లారీకి ఆ చలానా రాస్తే ఆ లారీ కదులుతుందా? అదే సమయంలో, గేటు పాసు కోసమో భోజనానికో రోడ్డు అంచున వరసగా పెట్టేసిన లారీలను ఎవరూ అడగరు. నిజానికి ఆ అంచు ఖాళీగా ఉంటే, ఇంకా కొంచెం కదిలే స్థితిలో ఉన్న బండ్లైనా పక్కకు పోగలవు. వాటిని నడిరోడ్డు మీద ఆపుతున్నది ఈ పార్కింగే. లారీలు నిలుపుకోవడానికి తగినంత జాగా చూపించకుండా డ్రైవర్లను తిట్టడమూ న్యాయం కాదు. ఎండలో గంటలు గంటలు గేటు దగ్గర కాచుకునేది వాళ్లే.

ట్యాంకర్ల మాట విడిగా చెప్పాలి, మన ఊరికి ఇది అసలు భయం. ట్యాంకర్ వెనకా పక్కలా ఒక బోర్డు మీద నాలుగంకెల నంబరు ఉంటుంది. 1203 అంటే పెట్రోలు, 1075 అంటే వంటగ్యాసు, 1005 అంటే అమ్మోనియా. ప్రమాదకర సరుకు తోలే డ్రైవర్‌కు మూడు రోజుల ప్రత్యేక శిక్షణ ఉండాలని, క్యాబిన్‌లో ఆ సరుకు గురించిన జాగ్రత్తల కాగితం ఉండాలని రూలు ఉంది. కానీ ఆ బండి బోల్తా పడినప్పుడు డ్రైవర్ స్పృహలో ఉండకపోవచ్చు. ముందుగా అక్కడికి చేరేది హోంగార్డు, పంక్చర్ షాపు కుర్రాడు, క్యాన్లు పట్టుకొచ్చే జనం. ఆ నంబరు చూసి ఎవరికి చెప్పాలో, గాలికి ఏ వైపు పోవాలో వాళ్లలో ఎంతమందికి తెలుసు? 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు కమ్మేసిన తెల్లవారుజామున ఎటు పరిగెత్తాలో తెలియని జనాన్ని చూసిన ఊరు ఇది. ఫ్యాక్టరీ అయితే ఉన్నచోటే ఉంటుంది. ట్యాంకర్ ఏ స్కూలు ముందు ఆగుతుందో చెప్పలేం.

గాయపడ్డవాళ్లను కాపాడే విషయంలో మంచి ఏర్పాట్లే వచ్చాయి, ఒప్పుకోవాలి. సాయం చేసినవాళ్లను కేసుల్లోకి లాగకుండా మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ సెక్షన్ ఉంది. మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చిన ‘రాహ్‌వీర్’కు 25,000 రూపాయల బహుమతి ఉంది. 2025 మే నుంచి ప్రమాద బాధితుడికి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం చేయించే పథకమూ అమల్లోకి వచ్చింది. మా ఆటోనగర్‌లో అడగండి, వీటి గురించి విన్నవాళ్లు తక్కువ. ఇప్పటికీ “మనకెందుకురా, స్టేషన్ చుట్టూ తిరగాలి” అనే మాటే వినిపిస్తుంది. ధైర్యం చేసి దగ్గరికి పోయినవాళ్లు కూడా చేసే మొదటి పని, స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయడం. ప్రేమతోనే పోస్తారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని, ముందు చేయాల్సింది రక్తం కారే చోట గుడ్డతో గట్టిగా అదిమిపట్టడమని ఎవరూ చెప్పలేదు. కేజీహెచ్, విమ్స్ డాక్టర్లతో హైవే పక్క టీకొట్లవాళ్లకు, దాబావాళ్లకు, మాలాంటి మెకానిక్‌లకు ఒక పూట నేర్పించండి. షెడ్డు మూసేసి వస్తాం.

మంత్రి గారూ, ఏటా జనవరిలో రోడ్డు భద్రతా మాసం చేస్తారు. హెల్మెట్ లేనివాడికి గులాబీ పువ్వు ఇస్తారు, ఫొటో వస్తుంది. ఆ పువ్వుల డబ్బుతో, ఆగిన బండి వెనక హెచ్చరికగా పెట్టే కోన్లు ఎన్ని వస్తాయో ఎవరైనా లెక్క వేశారా అని నాకో అనుమానం.

మీ చేతిలో ఉన్నవి అడుగుతాను. మాధవధారలోని రవాణా శాఖ ఆఫీసుకు లైసెన్సు కోసం వచ్చేవాళ్లు స్లాటు కోసం చాలాసేపు కాచుకుంటారు. ‘8’ వేయడం, ‘హెచ్’ వేయడం ఎలాగూ చూస్తారు. కాచుకున్న సమయంలోనే ఒక పాత కారు పెట్టి జాకీ ఎక్కడ వేయాలో, త్రిభుజం ఎంత దూరంలో పెట్టాలో, ఎటు నిలబడాలో చేయించి చూపించండి. దీనికి ఢిల్లీ నుంచి రూలు రానక్కర్లేదు. ఫిట్‌నెస్‌లో త్రిభుజం మీద, సిలిండర్ మీద బండి నంబరు చెరగకుండా రాయించండి, అద్దె త్రిభుజాలు ఆ రోజే ఆగుతాయి. టేపు ఉందా లేదా అని కాకుండా లైటు వేసి మెరుస్తోందా అని చూడమనండి. పోర్టు నుంచి బయటికొచ్చే గేట్ల దగ్గర లారీ వెనక భాగం కడిగే ఏర్పాటు చేయమని పోర్టువాళ్లను అడగండి. వాళ్లు కాదంటారని నేననుకోను.

కలెక్టర్ గారి అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంది. ఆ మీటింగులో మీరు ఒకసారి కూర్చుని, లంకెలపాలెం నుంచి ఆనందపురం దాకా బండి ఆగితే కోన్లు పెట్టే బాధ్యత ఎవరిది, లోడు లారీని లాగే క్రేన్ ఎవరిది, ఎన్ని నిమిషాల్లో రావాలి అన్నది పేర్లతో సహా రాయించండి. క్రేన్ రాకముందే ఒక హోంగార్డు బైకు మీద నాలుగు కోన్లు, ఒక మెరిసే లైటుతో చేరుకోగలిగితే సగం పని అయినట్టే. రోడ్డు ఎవరిదైనా ఫోన్ చేసేవాడికి నంబరు ఒక్కటే ఉండాలి, ఆ తర్వాత ఎవరికి చెప్పాలో ఫోను ఎత్తినవాళ్లు చూసుకోవాలి.

క్రేన్ రేట్లు కూడా మీరే తేల్చాలి. టన్నుకింత, కిలోమీటరుకింత, రాత్రికింత అని నిర్ణయించి, హైవే పక్క బోర్డుల మీద తెలుగులో, హిందీలో రాయించండి. రేటు కాస్త ఎక్కువే పెట్టినా ఓనర్లు కట్టుకుంటారు, బేరం మాత్రం రోడ్డు మీద జరగకూడదు.

ఇట్లు,
ఆటోనగర్, గాజువాక నుంచి
ఒక లారీ మెకానిక్