నా బదులు గేటు తీసినవాళ్లకు

జూలైలో ఒక తెల్లవారుజామున, బడి ఆవరణలో నేను నేర్పే కరాటే క్లాసుకు బయలుదేరాను. కర్నూలులో కొండారెడ్డి బురుజు దాటకముందే, రాంగ్ రూట్‌లో వచ్చిన బైకు తగిలి పడిపోయాను. ఎడమ తొడ ఎముక విరిగింది. అంబులెన్సు ఎక్కిస్తుంటే నా టెన్షన్ అంతా ఒకటే. బడి గేటు తాళం చెవి నా జేబులో ఉంది, పిల్లలు బయట నిలబడి ఉంటారు. నా మొదటి బ్యాచ్ శిష్యుడు పాతబస్తీలో బట్టల కొట్టు నడుపుతున్నాడు. వాడికి ఫోన్ చేయించాను. "సార్, తాళం సంగతి నేను చూసుకుంటా, మీరు కదలొద్దు" అన్నాడు.

ఆ రోజు క్లాసు పావుగంట ఆలస్యంగా మొదలైందట. ఆ తర్వాత నాలుగు నెలలు, ఆదివారాలు తప్ప, ఒక్క రోజు కూడా ఆగలేదు.

ఆదోని, డోన్, నంద్యాల, బెంగళూరు నుంచి పాత శిష్యులు డబ్బు పంపారు. ఆపరేషన్ ఖర్చులో సగానికి పైగా వాళ్లదే. పేర్లు రాయొద్దని గట్టిగా చెప్పారు, రాయడం లేదు. ఎదురింటి ఆటో డ్రైవర్ వాళ్లమ్మ ఎముక తొందరగా అతుక్కోవాలని ప్రతి శుక్రవారం పాయా చేసి పంపింది. గిన్నె తీసుకెళ్లడానికి వచ్చినప్పుడల్లా "అంతా తాగినాడా, మిగిలిచ్చినాడా?" అని మా ఆవిడను అడిగేది. అమ్మా, చుక్క కూడా మిగల్చలేదు. మీకు చేతులెత్తి మొక్కుతున్నాను.

17వ ఏట తెల్ల బెల్టు కట్టాను. 1991 నుంచి నేర్పుతున్నాను. ఇన్నేళ్లలో జ్వరం వచ్చినా ఉదయం 5:30కి ప్రాక్టీసు మానలేదు. మంచాన పడ్డాక కూడా ఆ టైముకు మెలకువ వచ్చేసేది. పడుకునే హెయాన్ షోదాన్ అనే కటా, అంటే ఒక వరుసలో చేసే కదలికల పాఠం, చేసేవాణ్ణి. 21 కదలికలు. చేతులు ఆడేవి, కాళ్లు మనసులో నడిచేవి. ఆ కటాలో మొదటి అడుగు ఎడమ కాలిదే. ఎడమకు తిరిగి, ముందు మోకాలు వంచి, కింది బ్లాక్ వేయాలి. ఆ ఒక్క అడుగు తలుచుకుంటేనే తొడలో సలుపు పుట్టేది. కానీ సరిగ్గా అప్పుడే బడి ఆవరణలో ముప్పైమంది పిల్లలు అదే అడుగు వేస్తున్నారని తెలుసు. ఆ ధైర్యం నాకు మందులకంటే ఎక్కువ పనిచేసింది.

మా షోతోకాన్ కరాటేకు మూలపురుషుడు గిచిన్ ఫునకోషి గారు. ఒకినావాలో బడిపంతులు. 1922లో, యాభై దాటాక, టోక్యో వెళ్లి ఈ విద్యను చూపించారు, అక్కడే ఉండిపోయి నేర్పారు. 1945లో ఆయన శిక్షణశాల విమాన దాడుల్లో నాశనమైంది. అదే ఏడాది, తనతోపాటు నేర్పుతున్న కొడుకూ చనిపోయాడు. శిష్యులు మళ్లీ కూడి 1949లో జపాన్ కరాటే అసోసియేషన్ పెట్టి, ఆయన్నే పెద్దగా కూర్చోబెట్టారు. బెల్టు పరీక్షలో పిల్లలు అడిగితే చెప్పే చరిత్రగానే ఇది నాకు ఇన్నాళ్లూ తెలుసు. ఆ పెద్దాయనకు శిష్యులంటే ఏమిటో ఈ నాలుగు నెలల్లో తెలిసొచ్చింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రెండో వారం నుంచి ఆ బట్టల కొట్టు శిష్యుడు ప్రతి శనివారం ఒక నోటుబుక్ తెచ్చి చూపించేవాడు. రెండొందల పేజీల లాంగ్ బుక్. రోజుకో పేజీ. "వాన. వరండాలో కిహోన్ (ప్రాథమిక కదలికల సాధన) మాత్రమే. 7 మంది." "ఇద్దరు రాలేదు, మేనమామ పెళ్లి." "కొత్త పాప వచ్చింది, మొక్కడం నేర్పాము." ఒక పేజీలో ఎర్ర ఇంకుతో "పంచ్ వేసేటప్పుడు అందరికీ వెనక మడమ లేస్తోంది. సార్‌ని అడగాలి" అని ఉంది. దాని కింద తేదీ వేసి జవాబు రాశాను. అలా పదకొండు పేజీల్లో నా చేతిరాత ఉంది. పరీక్షల చదువు ఉన్న ఇంటర్ అమ్మాయి, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సు, ఇద్దరూ వంతులు వేసుకుని చిన్న బ్యాచ్‌ను చూసుకున్నారు. వాళ్ల నిద్ర ఖరీదు నేను కట్టలేను.

నవంబరులో చేతికర్రతో వెళ్లాను. కుర్చీ వేశారు. ఇన్నేళ్లూ నేను ముందు నిలబడి చేస్తే వెనక పిల్లలు చేసేవాళ్లు. చేసి చూపించడమే నాకు తెలిసిన నేర్పడం. ఇప్పుడు చూపించలేను. కూర్చుంటే నా కళ్లు వాళ్ల మోకాళ్ల ఎత్తులో ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఆ పాప అడుగు వేయగానే ముందు మోకాలు లోపలికి వాలింది. బొటనవేలు దాటి బయటికి తొయ్యమ్మా అన్నాను. తోసింది. వెంటనే వెనక మడమ దానంతటదే నేలకు అతుక్కుంది. ఎర్ర ఇంకుతో అడిగిన ప్రశ్నకు అసలు జవాబు అదే. నేను పుస్తకంలో తప్పు రాశాను. ఆ రోజే కొట్టేసి సరిగ్గా రాశాను.

మా శిష్యుడు తాళం చెవి ఇవ్వబోతే నీ దగ్గరే ఉంచుకో నాయనా అన్నాను. ఇంకొకటి చేయించుకున్నాను.

ఇంకొక్కరు మిగిలారు. ఆపరేషన్ రోజు నాకు రక్తం ఇచ్చి, పేరు చెప్పకుండా డ్యూటీకి వెళ్లిపోయిన ఆర్టీసీ డ్రైవర్ గారూ, ఇది మీదాకా చేరితే ఒక ఉదయం మా క్లాసుకు రండి. ఉగ్గాణి, బజ్జి చేసి పెడతానని మా ఆవిడ చెప్పమంది.