మోండా మార్కెట్ దర్జీ చాచాకు, ఇంకా అందరికీ

రాత్రి పదకొండు దాటింది. మావాడు కప్పు పక్కన పెట్టుకుని తడి జుట్టుతోనే నిద్రపోయాడు. నాకే నిద్ర పట్టట్లేదు. మన పిల్లలు వాటర్ పోలో లీగ్ గెలిచారండీ! నాలుగు జట్ల లీగే కావచ్చు, ఒక్కో జట్టుతో రెండేసిసార్లు ఆడి ఆరింట్లో ఐదు మ్యాచులు గెలిచారు. ఈరోజు డ్రా అయినా కప్పు అవతలివాళ్ళదే. 9-8తో కొట్టారు. చివరి నిమిషంలో మావాడు ఆపిన ఆ బంతి ఇంకా కళ్ళ ముందే ఉంది.

అన్నిటికంటే ముందు ఒకాయనకు దండం పెట్టుకోవాలి. ఆయన పేరు తెలియదు. అడగడమే మర్చిపోయాను.

వాటర్ పోలో చూడనివాళ్ళకు ఒక మాట. గోల్ కాసే గోలీతో కలిపి జట్టుకు ఏడుగురు నీళ్ళలో ఉంటారు. గోలీ తప్ప ఎవరూ అడుగున కాలు ఆనించకూడదు. ప్రతి క్యాపుకూ చెవుల మీద ప్లాస్టిక్ చిప్పలు, గడ్డం కింద కట్టుకోవడానికి నాడాలు ఉంటాయి. బంతి వచ్చి చెవికి తగిలితే కర్ణభేరి పగలొచ్చు, అందుకని. మా సెట్టు పాతది. సీజనంతా క్లోరిన్ నీళ్ళలో నాని నాడాలు పీలికలయ్యాయి, చిప్పలు కుట్లు ఊడి వేలాడుతున్నాయి. ఇలాంటి క్యాపులతో ఇంకోసారి నీళ్ళలోకి దిగనివ్వనని పోయిన మ్యాచ్‌లోనే రిఫరీ గారు చెప్పేశారు. ఆయన తప్పేం లేదు. ఆర్డర్ పెట్టిన కొత్త సెట్టు సమయానికి రాలేదు.

నిన్న సాయంత్రం సికింద్రాబాద్‌లో స్పోర్ట్స్ షాపులన్నీ తిరిగాను. అందరూ మామూలు ఈత క్యాపులే చూపించారు. రెండు టైలర్ షాపుల్లో "ఇవి మేం కుట్టమమ్మా" అన్నారు. వాన మొదలైంది. మోండా మార్కెట్ దగ్గర సందులో ఒక పెద్దాయన షట్టర్ సగం దించేశారు. సంచి ముందుకు చాపి "చాచా, రేపు పొద్దున మ్యాచ్" అన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, దించిన షట్టర్ మళ్ళీ పైకెత్తారు.

ఒక క్యాపు తీసుకుని లైటు కింద తిప్పి తిప్పి చూశారు. "గిదేం ఆట బేటీ?" చెప్పాను. "నిలబడకుండ ఎట్ల ఆడుతరు? అలిసిపోరా?" కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి, కాళ్ళు గిర్రుగిర్రున తిప్పుతూ తేలడం నేర్పుతారని, స్టూలు మీద కూర్చుని చేసి చూపించాను. శ్రద్ధగా చూశారు. "మీ పిలగాడు ఏ జాగల ఆడుతడు?" అన్నారు. పిల్లలకు ఈత కొలను ఇవ్వమని మూడు నెలలు ఉత్తరాలు పట్టుకుని ఎంతమంది బల్లల ముందు నిలబడ్డానో, ఒక్కరూ ఆ మాట అడగలేదు. నాకిక ఏడుపు ఆగలేదు. ఆయన పక్క కొట్టు నుంచి చాయ్ తెప్పించి, నా వైపు చూడకుండా సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నారు.

నూలు దారం నీళ్ళకు చీకిపోతుందని, బ్యాగులు కుట్టే నైలాన్ దారం వెతికి తీశారు. చిప్పలు మిషన్ కింద పట్టవు కాబట్టి 13 క్యాపులూ చేత్తోనే కుట్టారు. మొదటిది అయ్యాక దాని మీద సీసాతో నీళ్ళు పోసి, తన తలకే పెట్టుకుని, గడ్డం కింద ముడేసి, తల అటూ ఇటూ గట్టిగా ఊపారు. "ఊడదు. ఇగ పిలగాండ్లను ధైర్యంగ ఆడమను" అన్నారు. పదకొండున్నర అయింది పని ముగిసేసరికి. దారానికీ నాడాలకీ కలిపి 60 రూపాయలన్నారు. ఐదొందలిస్తే చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. "గెలిస్తే వచ్చి చెప్పు."

గెలిచాం చాచా. నాలుగు క్వార్టర్లలో ఒక్క ముడి ఊడలేదు.

మా ఆయన, అత్తయ్య, చెల్లి, మీకు వేరే చెప్పాలా.

ఒక బాధ మాత్రం కడుపులో పెట్టుకోలేను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో వాటర్ పోలో బంగారు పతకం మన దేశానిదే. 1970లో వెండి, 1982లో కంచు. అలాంటి ఆటకు రోజూ ఒక గంట ఈత కొలను ఇవ్వమని అర్జీ పెడితే, ఫైలు బల్లలు దాటడానికే మూడు నెలలు పట్టింది. ఫారంలో మా ఆట పేరే లేదు, "ఇతరములు" దగ్గర టిక్కు పెట్టమన్నారు. చివరికి రాత్రి ఎనిమిదిన్నరకు, అదీ లోతు తక్కువున్న వైపు ఇచ్చారు. కాళ్ళు నేలకు తగిలేచోట ఈ ఆట ఎలా నేర్చుకుంటారు? తొమ్మిదిన్నరకు లైట్లు ఆర్పేస్తే, టెన్త్ పరీక్షలున్న పిల్లలు చీకట్లో గోల్‌పోస్టులు ఒడ్డుకు లాక్కునేవాళ్ళు. వచ్చే సీజన్‌కు మళ్ళీ మొదటి బల్ల నుంచే మొదలుపెట్టాలట.

అయ్యో, పంప్ రూమ్ అన్నను మర్చిపోయాను! లైట్లు పోయాక తన టార్చి పట్టుకుని పిల్లలందరూ గట్టెక్కేదాకా నిలబడేవాడు. స్కోరు షీటు రాసిన పాపకూ థాంక్స్. ఈరోజు ఓడిన జట్టు కోచ్ గారికి కూడా. మా దగ్గర రెండే బంతులున్నాయని తెలిసి, పోటీ జట్టని చూడకుండా నెల రోజులు నాలుగు బంతులిచ్చారు. ఆయన పేరు పైనే రావాల్సింది. మా కోచ్ గారూ, మీకు రేపు విడిగా ఫోన్ చేస్తాను.

ఈరోజు ఆదివారం కదా, చాచా కొట్టు మూసి ఉంది. రేపు సాయంత్రం ఆరింటికి పిల్లలందరం వెళ్తున్నాం. కప్పు తెస్తున్నాం. పిల్లలేమో క్యాపులు పెట్టుకునే వస్తామంటున్నారు.