డబ్బా రంగు ఒకటి, మీద రాసింది ఇంకొకటి

సంపాదకులకు నమస్కారం.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం జనానికి ఎంత చెప్పినా రావడం లేదని మా ఊరి మున్సిపాలిటీ వాళ్లు ఈమధ్య చెత్త ఆటో మైకులో తెగ మందలిస్తున్నారు. ముందు వాళ్లు పెట్టిన డబ్బాలు వాళ్లే ఒకసారి చూసుకోవాలి. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం అని స్వచ్ఛ భారత్ ప్రచారంలో ఏళ్ల తరబడి చెబుతున్నారు కదా. మా మార్కెట్ దగ్గర నీలం డబ్బా మీద "తడి చెత్త", ఆకుపచ్చ డబ్బా మీద "పొడి చెత్త" అని స్టిక్కర్లు ఉన్నాయి. అడిగితే, రాసింది చదువుకుని వేయండి, రంగుదేముంది అన్నారు.

రంగుతో చాలానే ఉంది. 1935లో అమెరికాలో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే ఆయన వంద రంగు గడులు చూపించి రంగుల పేర్లు చెప్పమంటే సగటున 63 సెకన్లు పట్టింది, అదే "ఎరుపు" అనే మాటను నీలం సిరాతోనో ఆకుపచ్చ సిరాతోనో అచ్చేసి, మాటను వదిలేసి సిరా రంగు మాత్రమే చెప్పమంటే 110 సెకన్లు పట్టింది. రంగును వదిలేసి మాట చదవమన్నప్పుడు మాత్రం పెద్దగా తేడా రాలేదు. చదవడం బాగా అలవాటైన వాళ్లు కావాలన్నా చదవకుండా ఉండలేరు, అందుకే రంగు వెనకబడిపోతుంది. స్కెచ్ పెన్నులతో ఇంట్లోనే చేసి చూడొచ్చు. పదో తరగతి పిల్లలు తడబడతారు, ఇంకా అక్షరాలు రాని చిన్నది టకటకా చెప్పేస్తుంది (పెద్దవాళ్లకు కాస్త ఉక్రోషం కూడా వస్తుంది).

మా డబ్బాల దగ్గర జరిగేదీ ఇదే. చదువు వచ్చినవాళ్లు స్టిక్కర్ చూసి నీలం దాంట్లో అన్నం, కూర పారబోస్తారు. కూరగాయలమ్మే అవ్వ, ఒడిశా నుంచి పనికొచ్చిన కూలీ తెలుగు చదవలేరు కాబట్టి, మైకులో విన్న రంగును బట్టి కుళ్లిన టమాటాలు ఆకుపచ్చ దాంట్లో వేస్తారు. ఇద్దరూ చెప్పినట్టే చేశారు, రెండు డబ్బాలూ కలగాపులగం అయ్యాయి, చివరికి ఆ కంపులో చేతులు పెట్టి వేరు చేసేది పారిశుద్ధ్య కార్మికులు. తిట్లు మాత్రం మా అందరికీ.

ఆసుపత్రుల్లో ఇలాంటిది జరిగితే కంపుతో పోదు. అక్కడ చెత్తకు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని 2016 నిబంధనల్లోనే రంగులు పెట్టారు, వాడేసిన సూదులు తెల్ల డబ్బాలోకే వెళ్లాలి. రాత్రి డ్యూటీలో, టెన్షన్‌లో ఉన్న నర్సమ్మకు రంగు ఒకటి, రాత ఒకటి కనిపిస్తే ఆ ఒక్క క్షణం తికమకకు ఎవరి చేతిలో సూది గుచ్చుకుంటుందో చెప్పలేం.

ఖర్చు కూడా పెద్దదేం కాదు, స్టిక్కర్లు పీకి సరిగ్గా అంటిస్తే చాలు. పనిలో పనిగా తడికి అరటి తొక్క, పొడికి ప్లాస్టిక్ సీసా బొమ్మలు కూడా వేయించండి, చదవలేని వాళ్లకు పనికొస్తుంది. ఇకమీదట స్టిక్కర్ల కాంట్రాక్టరుకు బిల్లు పాస్ చేసే ముందు ఇంజనీరు గారు ఒకసారి మార్కెట్ దాకా నడిచి, తన కళ్లతో చూసి సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఆ మైకు కాస్త ఆపించండి.

– ఒక పాఠకుడు