రీస్టార్ట్ కొడితే లేవని ల్యాప్‌టాప్

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. విండోస్ అప్‌డేట్ పడ్డాక రీస్టార్ట్ కొడితే తెర నల్లబడుతోందనీ, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉందనీ, పవర్ బటన్ నొక్కిపట్టి చంపితే గానీ మళ్లీ లేవట్లేదనీ రాశావు. ఫార్మాట్ కొట్టించేయనా అని కూడా అడిగావు. ఆగరా బాబూ! చంపి మళ్లీ వేస్తే శుభ్రంగా వస్తోందంటే నీ ఫైళ్లకూ డిస్కుకూ ఢోకా లేనట్టే. దిగడానికీ లేవడానికీ మధ్య ఎక్కడో ఇరుక్కుంటోంది, అంతే.

ఎక్కడ ఇరుక్కుంటోందో ముందు తేల్చుకో. తెర మీద చుక్కలు తిరుగుతూ రీస్టార్టింగ్ దగ్గరే ఆగితే, విండోస్ ఇంకా దుకాణం కట్టలేదన్నమాట. కంపెనీ లోగో వచ్చాక ఆగితే కొత్త అప్‌డేటో, డ్రైవరో (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) అడ్డుపడుతోంది. నీకు లోగో కూడా రావట్లేదు కాబట్టి నా అనుమానం బయోస్ మీద, అంటే విండోస్ కంటే ముందు లేచి బోర్డును నడిపించే ప్రోగ్రామ్ మీద. దాన్ని రూఢి చేసుకునే దారి ఒకటుంది. ఈసారి చంపి వేశాక స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రాసుకునే డైరీ) తెరువు. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడు. కెర్నల్ పవర్ పేరుతో 41 నంబరు పడిందా? పడితే విండోస్ పూర్తిగా దిగకముందే నువ్వు గొంతు నొక్కావని అర్థం, అప్పుడు డ్రైవర్లను పట్టుకోవాలి. 41 లేకుండా 6006 ఒక్కటే ఉంటే విండోస్ తన పని ముగించి మర్యాదగా దిగిపోయింది, ఆ తర్వాత లేపాల్సిన బయోస్సే నిద్రపోయింది. చాలామంది 41ని చూడగానే రోగం దొరికిందనుకుంటారు. అది విండోస్ సరిగ్గా దిగకుండానే ఆగిపోయిందని చెప్పే చీటీ మాత్రమే, ఎందుకు ఆగిందో అది చెప్పదు.

బయోస్ వైపే అని తేలితే, యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకెయ్: పెన్‌డ్రైవ్, మౌస్ డాంగిల్, డాక్, కార్డ్ రీడర్‌లోని మెమరీ కార్డుతో సహా. రీస్టార్ట్‌లో వీటికి కరెంటు పూర్తిగా తెగకపోవచ్చు. సగం మెలకువలో ఉన్న పరికరం జవాబివ్వకపోతే బయోస్ దాని కోసమే కాచుక్కూర్చుంటుంది. అవి లేకుండా సరిగ్గా లేస్తే ఒక్కొక్కటే పెట్టి చూడు, దొంగ దొరుకుతాడు. లేవకపోతే షట్ డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టు. బోర్డులో మిగిలిన చార్జ్ పోతుంది.

అదీ అయ్యాక బయోస్ కొత్తది వెయ్యాలి. విండోస్ కీ, ఆర్ (R) కలిపి నొక్కి ఎమ్‌ఎస్‌ఇన్ఫో32 (msinfo32) అని కొడితే నీ బయోస్ వెర్షన్ కనిపిస్తుంది. కొత్తది నీ మోడల్ నంబరుతో కంపెనీ సైట్ నుంచే తెచ్చుకో. చిప్‌సెట్ (బోర్డు మీది చిప్పుల) డ్రైవర్లూ, ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న బండైతే మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవరూ అక్కడే ఉంటాయి. చార్జర్ పెట్టే చెయ్యి, మధ్యలో మాత్రం ఆపకు, ఆపితే బోర్డు పోవచ్చు. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే ముందు సస్పెండ్ చెయ్యి, అంటే కాసేపు పక్కన పెట్టు, లేకపోతే లేవగానే 48 అంకెల రికవరీ కీ అడిగి నీళ్లు తాగిస్తుంది.

41 పడిందనుకో. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి, ఆ వారం ఏ డ్రైవర్లు పడ్డాయో చూడు. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిస్తే, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ (పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లడం) అని ఉంటుంది. గ్రాఫిక్స్, వైఫై నుంచి మొదలెట్టు.

షట్ డౌన్ చేసి వేస్తే రీస్టార్ట్ కంటే గట్టిగా శుభ్రపడుతుందనుకుంటాం కదా, విండోస్ 8 నుంచీ అది తలకిందులు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ కెర్నల్‌ను (విండోస్ గుండెకాయను) డిస్కులో దాచిపెట్టి, మర్నాడు అదే మళ్లీ ఎత్తుకుంటుంది. నిజంగా ఆరిపోవాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ నొక్కు.

ఎస్‌ఎఫ్‌సీ (పాడైన విండోస్ ఫైళ్లను సరిచేసే పనిముట్టు) స్కాన్ చెయ్యమని నీకు పది మంది చెప్పి ఉంటారు. చెయ్యి, తప్పు లేదు. కానీ ముందు డిజమ్ (DISM) అనే ఇంకో విండోస్ పనిముట్టుతో రిస్టోర్ హెల్త్ నడిపించు, ఎందుకంటే ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్లు తెచ్చుకునే గోడౌన్‌ను బాగుచేసేది అదే. లోగో ముందే ఆగే జబ్బుకి మాత్రం ఈ రెండూ పనిచేస్తాయని నాకు నమ్మకం లేదు.

ఒకవేళ అసలు విండోస్సే రాకుండా పోతే, లోగో కనిపించగానే బటన్‌తో ఆపు. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. ముందు క్వాలిటీ అప్‌డేట్ (నెలనెలా వచ్చేది) తీసెయ్. కానీ తెర మీద శాతం అంకె కనిపిస్తున్నంతసేపూ బటన్ జోలికి పోకు, ఒకే అంకె దగ్గర గంట కూర్చున్నా సరే.

41 పడిందా లేదా, బయోస్ వెర్షన్ ఎంత, మోడల్ నంబరేంటి, ఈ మూడూ రాసి పంపు.

నీ మామ